స్వాధీనానికి ముందు ఒక్క విచారణ

తెలుగు దినపత్రికల లోపలి పేజీల్లో ‘స్వాధీన ప్రకటన’ పేరుతో చిన్న అక్షరాల పెట్టెలు తరచూ కనిపిస్తాయి. అప్పు తీసుకున్నది ఎవరు, హామీ ఉన్నది ఎవరు, బాకీ ఎంత, సర్వే నంబరు ఏది, ఎన్ని గజాలు, తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ రోడ్డు... అన్నీ అందులో ఉంటాయి. స్థిరాస్తిని స్వాధీనం చేసుకున్న ఏడు రోజుల్లోగా రెండు ప్రముఖ పత్రికల్లో, వాటిలో ఒకటి స్థానిక భాషలో, ఈ ప్రకటన రావాలని 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. సంబంధం లేనివాళ్లు పేజీ తిప్పేస్తారు. ఆ కుటుంబానికి మాత్రం తమ సంగతి వీధి మొత్తానికీ తెలిసిపోయే రోజు అది. ఇంటివాళ్లు ఖాళీ చేయకపోతే బ్యాంకు మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకుంటుంది. ఆ ఉత్తర్వు ఇచ్చే ముందు ఆ ఇంట్లో ఉన్నవారి మాట వినాలా? వినక్కర్లేదన్నదే ఇప్పుడు మన చట్టం చెబుతున్న జవాబు. ఆ జవాబు మారాలి. రుణదాత హక్కుకు ఏ లోటూ రాకుండానే దాన్ని మార్చవచ్చు.

ముందుగా రుణదాత పక్షం చెప్పుకోవాలి. బ్యాంకు అప్పుగా ఇచ్చేది మన డిపాజిట్లనే. రిటైరైన ఉపాధ్యాయుడి సొమ్ము, కూతురి చదువుకు దాచిన సొమ్ము కలిసి మరొకరికి ఇంటి రుణంగానో వ్యాపార రుణంగానో వెళ్తాయి. వాటికి భరోసా భూమి. భూమి ఎక్కడికీ పోదు గానీ దాని మీది కాగితాలు మారిపోతాయి. ఒకే స్థలానికి నకిలీ దస్తావేజులు పుట్టించి రెండో బ్యాంకులో అప్పు తెచ్చుకున్నవాళ్లున్నారు. తనఖాలో ఉన్న భూమిని ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మినవాళ్లున్నారు. నోటీసు రాగానే బావమరిదిని అద్దెదారుగా చూపించి వెనక తేదీతో కౌలు పత్రం రాయించినవాళ్లున్నారు. అన్నదమ్ములు తమలో తామే భాగపంపిణీ దావా వేసుకుని ఇంజంక్షన్ తెచ్చుకోవడం మన కోర్టుల్లో చాలా పాత ఎత్తు. తనఖా పత్రం రుణదాతకు హక్కునిస్తుంది. అది నేల మీద చెల్లాలంటే కోర్టు ఉత్తర్వు గానీ, చట్టం ఆ అధికారం అప్పగించిన అధికారి ఉత్తర్వు గానీ కావాలి. అది ఏళ్ల తరబడి ఆలస్యమైతే నష్టపోయేది డిపాజిటుదారు, ఆ తర్వాత అప్పు కోసం బ్యాంకు గడప తొక్కే నిజాయితీపరుడు.

ఈ ఉత్తర్వుల చరిత్ర 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంతో మొదలుపెట్టవచ్చు. తనఖాలను ఆ చట్టం ఆరు రకాలుగా చూపిస్తుంది. స్వాధీనం ఇవ్వకుండా రాసే సాదా తనఖా, పొలం ఫలసాయాన్ని అప్పిచ్చినవాడు అనుభవించే భోగ్య తనఖా లాంటివి మన పల్లెలకు బాగా తెలుసు. ఇవాళ ఇంటి రుణం తీసుకునే వాళ్లలో ఎక్కువ మంది చేసేది మాత్రం దస్తావేజుల అప్పగింత తనఖా. మొదట్లో కలకత్తా, మద్రాసు, బొంబాయి లాంటి నగరాలకే ఆ వెసులుబాటు ఉండేది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వాలు నోటిఫై చేసిన పట్టణాలకూ వచ్చింది. కాగితాలు అప్పగించే చోటు అలాంటి పట్టణంలో ఉంటే చాలు, భూమి ఏ ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు.

ఆ చట్టంలో అసలు చూడాల్సింది 69వ సెక్షన్. కోర్టుకు వెళ్లకుండా తనఖా ఆస్తిని అమ్ముకునే అధికారం రుణదాతకు ఎప్పుడు ఉంటుందో అది చెబుతుంది. చాలా కొద్ది సందర్భాల్లోనే ఉంటుంది. ఇంగ్లిష్ తనఖా (బాకీ తీరగానే తిరిగి రాసిచ్చే షరతుతో ఆస్తిని పూర్తిగా బదలాయించేది) అయ్యుండాలి, ఇరుపక్షాల్లో ఎవరూ హిందువో ముస్లిమో బౌద్ధుడో అయ్యుండకూడదు. లేదా రుణదాత ప్రభుత్వమై ఉండాలి. లేదా ఆస్తి ఆ పెద్ద నగరాల్లోనో, నోటిఫై అయిన పట్టణంలోనో ఉండి, పత్రంలో ఆ అధికారం స్పష్టంగా రాసి ఉండాలి. మిగతా దేశంలో అప్పిచ్చినవాడు భూమిని తనంతట తాను వేలం వేయడానికి లేదు. జడ్జి ముందుకు రావాల్సిందే. దీనికి ఏడేళ్ల ముందే, 1875లో, పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు వడ్డీ వ్యాపారుల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారు. 1879లో దక్కన్ రైతుల రక్షణ చట్టం వచ్చింది. పల్లెల్లో అప్పు ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ మధ్య బలం సమానంగా లేదన్న ఎరుక ఆ కాలపు చట్టాల్లో కనిపిస్తుంది. పరాయి పాలకులే అయినా ఆ ఒక్క విషయంలో వాళ్లు నేలను సరిగానే చూశారని నేననుకుంటాను.

అలా జడ్జి ముందుకు వచ్చిన తనఖా దావా ఎలా నడుస్తుందో 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ ఆర్డర్ చెబుతుంది. చివరికి ఆస్తి చేయి జారేదాకా రుణగ్రహీతకు ఎన్ని మలుపుల దగ్గర అవకాశం ఉందో చూస్తే, ఇప్పటి చట్టంలో ఏం పోయిందో అర్థమవుతుంది. ముందు ప్రాథమిక డిక్రీ. బాకీ ఎంతో కోర్టు తేలుస్తుంది, వడ్డీ లెక్క చూస్తుంది, కట్టడానికి ఆరు నెలల లోపు గడువు ఇస్తుంది. కారణం చూపిస్తే ఆ గడువు పొడిగించవచ్చు. అప్పటికీ కట్టకపోతే అమ్మకానికి తుది డిక్రీ. ఆ తర్వాత అమలు పిటిషన్. వేలం ప్రకటన ఊళ్లో టముకు వేసి చాటాలి, ఆస్తి మీద, కోర్టు గోడ మీద అంటించాలి. వేలం పాట అయ్యాక కూడా కోర్టు దాన్ని ఖరారు చేసేదాకా తనఖా పెట్టినవాడు మొత్తం బాకీ కట్టి ఆస్తిని విడిపించుకోవచ్చు. అప్పుడు వేలంలో పాడుకున్నవాడికి అన్యాయం జరగకుండా, పాడిన సొమ్ములో 5 శాతం అదనంగా అతని కోసం జమ చేయాలి. ఈ 5 శాతం దగ్గరకు మళ్లీ వస్తాను.

దావా సాగుతుండగా ఆస్తి చేతులు మారకుండా ఆపే ఉత్తర్వులూ ఆ కోడ్‌లోనే ఉన్నాయి. ఇంజంక్షన్ ఉంది. అద్దెలు వసూలు చేయడానికి రిసీవర్‌ను వేయడం ఉంది. దావాలో ఉన్న స్థిరాస్తిని కొన్నవాడు దావా ఫలితానికి కట్టుబడి ఉండాలన్న ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ రక్షణ తనఖా రుణదాతకు ఎటూ ఉంది. తనఖా లేని అప్పుకు ఆధారం తీర్పుకు ముందు జప్తు. ప్రతివాది తీర్పును ఎగ్గొట్టే ఉద్దేశంతోనే ఆస్తి అమ్మేయబోతున్నాడని కోర్టును నమ్మించగలిగితే 38వ ఆర్డర్ కింద ఆ జప్తు వస్తుంది. ఇక్కడే సుప్రీంకోర్టు ఒక గట్టి గీత గీసింది. రామన్ టెక్ కేసులో 2007లో ఇచ్చిన తీర్పులో, ఇది అసాధారణమైన అధికారమని, భద్రత లేని అప్పును భద్రత ఉన్న అప్పుగా మార్చుకోవడానికి దీన్ని వాడరాదని చెప్పింది. అప్పు ఇచ్చేటప్పుడు తనఖా అడగనివాడు కోర్టు చేత దాన్ని పుట్టించుకోవాలని చూడకూడదు. రైతు స్వాధీనంలో ఉన్న పంటను తీర్పుకు ముందు జప్తు చేయమని అడగడానికి కూడా అదే ఆర్డర్ ఒప్పుకోదు. కోతకొచ్చిన పొలం మీదకు అమీనా రాకుండా ఆపే ఈ నిబంధన ఇప్పటికీ అమల్లో ఉందని చాలా మందికి తెలియదు.

జప్తు పడ్డాక చేసిన అమ్మకం జప్తుదారు హక్కు ముందు చెల్లదు. కానీ జప్తుకు ముందే అమ్మకపు దస్తావేజు రాసేసి, జప్తు తర్వాత రిజిస్ట్రేషన్ పూర్తిచేసుకున్న కేసు ఒకటి తమిళనాడు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్తే, హమ్దా అమ్మాళ్ తీర్పులో కొన్నవాడి పక్షమే నెగ్గింది. రిజిస్ట్రేషన్ ఎప్పుడు జరిగినా, దస్తావేజు రాసిన తేదీ నుంచే అది పనిచేస్తుంది కాబట్టి. అందుకే జప్తు ఉత్తర్వు చేతికి రాగానే దాని నకలును సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి చేర్చి ఈసీలో (ఆస్తి మీది భారాలు చూపే ధ్రువపత్రంలో) ఎక్కేలా చూడమని అనుభవం ఉన్న లాయర్లు చెబుతారు. ఈసీ చూసుకుని కొనేవాడికి కనిపించని ఉత్తర్వు చివరికి మరో దావాకే దారితీస్తుంది.

ఇంత పకడ్బందీగా ఉన్న కోర్టు దారి ఎందుకు విఫలమైంది? కాలం. ప్రాథమిక డిక్రీ మీద అప్పీలు, తుది డిక్రీ మీద అప్పీలు, మధ్యలో చనిపోయినవారి వారసులను చేర్చడం, వేలం రద్దు కోరుతూ పిటిషన్లు... ఒక తరం అప్పు మరో తరం చేతిలో తేలేది. దీనికి తోడు, అప్పు తగ్గించే చట్టాలు కూడా మన ప్రాంతంలో గట్టిగా పనిచేశాయి. అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన కోస్తా, రాయలసీమలకు వర్తించిన 1938 నాటి రైతుల రుణ ఉపశమన చట్టం, అర్హులైన రైతుల పాత అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని తుడిచేసింది. రైతు బతకడానికి అది కావాల్సిందే. సహకార రంగంలో మాత్రం వేరే దారి తొక్కారు. భూమి తనఖా బ్యాంకులకు కోర్టు జోక్యం లేకుండా అమ్మే అధికారాన్ని 1934 నాటి మద్రాసు చట్టమే ఇచ్చింది. కోర్టును దాటి వెళ్లే ఆలోచన 2002లో పుట్టిందేమీ కాదు.

1981లో తివారీ కమిటీ, 1991లో మైదవోలు నరసింహం కమిటీ బ్యాంకుల బాకీలకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు కావాలన్నాయి. 1993లో రుణ వసూలు ట్రిబ్యునళ్ల చట్టం వచ్చింది. మొదట 10 లక్షలు, 2018 నుంచి 20 లక్షల రూపాయలు, ఆపైన ఉన్న బాకీలు ఈ డీఆర్‌టీలకు వెళ్తాయి. అక్కడి ప్రిసైడింగ్ అధికారి తీర్పుకు ముందు జప్తు చేయగలరు, అమ్మకుండా ఆపగలరు, రిసీవర్‌ను వేయగలరు. తుది ఉత్తర్వు తర్వాత రికవరీ సర్టిఫికెట్ వస్తుంది, దాన్ని రికవరీ అధికారి అమలు చేస్తారు. ఇక్కడిదాకా రుణగ్రహీత మాట విన్నాకే ఆస్తి పోతుంది. న్యాయం చేసే చోటు మారింది, తీరు మారలేదు.

2002 జూన్ 21న ఆర్డినెన్స్‌గా వచ్చి, తర్వాత చట్టమైన సర్ఫేసీతో తీరు మారింది. రుణం మొండిబాకీగా మారితే బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. కట్టకపోతే బ్యాంకు అధీకృత అధికారి తానే ఆస్తి స్వాధీనం చేసుకోవచ్చు, తానే వేలం వేయవచ్చు. 1882లో 69వ సెక్షన్ గీసిన గీతను ఈ చట్టం పేరుపెట్టి మరీ చెరిపేసింది. 2004లో మార్డియా కెమికల్స్ తీర్పులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. కానీ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ముందుగా బాకీలో 75 శాతం జమ చేయాలన్న నిబంధనను కొట్టేసింది. రుణగ్రహీత అభ్యంతరాలను పట్టించుకోకపోతే ఎందుకో బ్యాంకు చెప్పాలని కూడా అన్నది. దాంతో అదే ఏడాది 13(3ఏ) సెక్షన్ చేరింది. ఇప్పుడు అభ్యంతరానికి 15 రోజుల్లో జవాబివ్వాలి. అయితే ఆ సెక్షన్‌లోనే మరో మాట ఉంది. ఆ జవాబు నచ్చలేదని ఆ దశలో ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు రాదు. అంటే బాకీ లెక్క తప్పని చెప్పేదీ బ్యాంకుకే, ఆ మాట సరైందో కాదో తేల్చేదీ బ్యాంకే.

ఇప్పుడు మేజిస్ట్రేటు ఉత్తర్వు సంగతి. ఇంటివాళ్లు కదలకపోతే బ్యాంకు 14వ సెక్షన్ కింద చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటుకో జిల్లా మేజిస్ట్రేటుకో దరఖాస్తు చేస్తుంది. చీఫ్ జ్యుడిషియల్ మేజిస్ట్రేట్లు కూడా ఈ పని చేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. దరఖాస్తుతో పాటు తొమ్మిది అంశాల మీద అధికారి అఫిడవిట్ ఇవ్వాలి. అప్పు ఎంత, తనఖా ఉందా, మొండిబాకీ అయిందా, నోటీసు ఇచ్చారా, అభ్యంతరాలకు జవాబిచ్చారా, ఇలాంటివి. మేజిస్ట్రేటు ఆ అఫిడవిట్ చూసి తృప్తి చెందితే 30 రోజుల్లో, కారణాలు రాస్తే 60 రోజుల్లోగా ఉత్తర్వు ఇవ్వాలి. అడ్వొకేట్ కమిషనర్ పోలీసులతో వచ్చి తాళం పగలగొట్టి ఆస్తిని బ్యాంకుకు అప్పగించవచ్చు. మేజిస్ట్రేటు చేసేది యాంత్రికమైన సాయం మాత్రమేనని, పక్షాల మధ్య వివాదాన్ని తేల్చే అధికారం ఆయనకు లేదని 2022లో బాలకృష్ణ తార్లే కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆయన చర్యను ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని చట్టంలోనే ఉంది. రుణగ్రహీతకు ముందుగా నోటీసు ఇవ్వాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

ట్రిబ్యునల్ ఉంది కదా అంటారు. ఉంది. స్వాధీన నోటీసు అంటించిన దగ్గర్నుంచి 45 రోజుల్లో 17వ సెక్షన్ కింద డీఆర్‌టీకి వెళ్లవచ్చు. తాళం పడేదాకా ఆగనక్కర్లేదని 2018లో హిందోన్ ఫోర్జ్ తీర్పు కూడా చెప్పింది. మంచి తీర్పే. కానీ దరఖాస్తు వేసినంత మాత్రాన స్వాధీనం ఆగదు, స్టే తెచ్చుకోవాలి. స్టే అడగడానికి ప్రిసైడింగ్ అధికారి కుర్చీలో ఉండాలి. దేశం మొత్తానికి 39 డీఆర్‌టీలు ఉన్నాయి, వాటిలో ఖాళీలు పడినప్పుడు ఒక ట్రిబ్యునల్ పని మరో ట్రిబ్యునల్ అదనంగా మోయడం మామూలైపోయింది. సివిల్ కోర్టు తలుపును సర్ఫేసీ 34వ సెక్షన్ మూసేసింది. ఇలాంటి కేసుల్లో జోక్యం చేసుకోవద్దని 2010లో సత్యవతి టండన్ తీర్పు హైకోర్టులకు చెప్పింది. చట్టం అడిగినవారి మాట వింటుంది, నిజమే. కానీ లాయరును పెట్టుకోగలిగినవారు, గడువు తెలిసినవారు, హైదరాబాదుకో విశాఖపట్నానికో పదేపదే తిరగగలిగినవారే అడగగలరు. ఆదిలాబాద్‌లో చిన్న కిరాణా వ్యాపారి, హామీ సంతకం పెట్టిన ఆయన అన్న భార్య ఆ వరుసలో ఉండరు.

డీఆర్‌టీలో ఓడితే అప్పీలు ఇంకా దూరం. దేశంలో అప్పీలు ట్రిబ్యునళ్లు ఐదే. తెలుగు రాష్ట్రాల కేసులు కోల్‌కతా వెళ్తాయి. ముందుగా బాకీలో సగం జమ చేయాలి, దయతలిస్తే పావు వంతుకు తగ్గిస్తారు. 40 లక్షల బాకీ ఉన్న కుటుంబం 10 లక్షలు చేతిలో పట్టుకుని కోల్‌కతా లాయరును వెతుక్కోవాలి. ఆ 10 లక్షలు చేతిలో ఉంటే చాలా కుటుంబాలు బ్యాంకుతో సర్దుబాటు చేసుకునే ఉండేవి.

వ్యవసాయ భూమి విషయంలో మాత్రం పాత దారి ఇంకా మిగిలి ఉంది. సర్ఫేసీ 31(ఐ) వ్యవసాయ భూమిని చట్టం పరిధి నుంచి తప్పించింది. పొలం తనఖా పెట్టిన రైతు దగ్గరకు బ్యాంకు తనంతట తాను రాలేదు, కోర్టుకో డీఆర్‌టీకో వెళ్లాలి. 2002లో పార్లమెంటు రైతుకు కావాలని ఉంచిన రక్షణ ఇది. నగరాల అంచున ఈ గీత మసకబారుతోంది. కాగితంలో పొలం, నేల మీద లేఅవుట్. గోవాలో ఒక పెద్ద హోటలుకు చెందిన బ్లూ కోస్ట్ కేసులో, సాగు లేని భూమిని వ్యవసాయ భూమి అని చెప్పుకోవడాన్ని 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తెలంగాణ నుంచి వెళ్లిన రాస్ కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2023 జనవరిలో ఇంకో అడుగు ముందుకు వేసింది. రెవెన్యూ రికార్డులో వ్యవసాయ భూమి అని ఉంటే సరిపోదని, అక్కడ నిజంగా సాగు జరుగుతోందని నిరూపించే భారం రుణగ్రహీతదేనని చెప్పింది. కంపెనీ అప్పుకు తనఖా పెట్టిన భూమి విషయంలో ఇది న్యాయమైన తీర్పే. కానీ ఈ భారం రేపు ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. వర్షాలు లేక రెండేళ్లు బీడు పెట్టిన అనంతపురం రైతు, కౌలుకిచ్చి హైదరాబాదులో కూలికి వెళ్లిన మహబూబ్‌నగర్ రైతు ‘సాగు జరుగుతోంది’ అని ఏ కాగితంతో నిరూపిస్తారు? కౌలుదారు పేరు రికార్డులో ఎక్కని ఊళ్లు మన దగ్గర ఎన్నో. పహాణీలు, పంట నమోదు, ఉపగ్రహ చిత్రాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. మేజిస్ట్రేటు ఉత్తర్వుకు ముందే తహసీల్దారు నుంచి ఒక నివేదిక తెప్పించుకుంటే ఈ ప్రశ్న తాళం పడకముందే తేలిపోతుంది.

ఇక విడిపించుకునే హక్కు. బాకీ అంతా కట్టేస్తే ఆస్తి తిరిగి రావాలన్నది తనఖా అనే ఆలోచనకే మూలం. సర్ఫేసీలో మొదట ఈ హక్కు అమ్మకపు తేదీ దాకా ఉండేది. 2016 సవరణతో అది వేలం నోటీసు ప్రచురణ రోజుకు కుదించుకుపోయింది. 2023 సెప్టెంబరు 21న బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణకు పూర్తి అర్థం చెప్పింది. నవీ ముంబయి భూమి అది. ఎనిమిదిసార్లు వేలం విఫలమై, తొమ్మిదోసారి సుమారు 105 కోట్ల రూపాయలకు ఒకరు పాడారు. తర్వాత రుణగ్రహీత 129 కోట్లు కడతానన్నాడు, బ్యాంకు ఒప్పుకుంది, బొంబాయి హైకోర్టు సరేనంది. సుప్రీంకోర్టు కాదంది. వేలం నోటీసు వచ్చిన రోజే హక్కు పోయిందని, పాడినవాడి నమ్మకాన్ని కాపాడకపోతే బ్యాంకు వేలాలకు ఎవరూ రారని చెప్పింది. చట్టంలో రాసి ఉన్న మాటను బట్టి ఆ తీర్పు సబబే. వేలంలో పాడినవాడి పక్షాన ఆ వాదన బలమైనది కూడా.

కానీ మన పాత చట్టంలో ఈ చిక్కుకు ఇద్దరినీ కాపాడే పరిష్కారం ఉంది. పైన చెప్పిన 5 శాతం అదే. 105 కోట్ల పాటకు అది 5 కోట్ల 25 లక్షలు. డబ్బు కట్టిన కొద్ది రోజులకే అంత పరిహారం వస్తుందంటే ఏ పాటదారూ వేలానికి రావడం మానడు. 40 లక్షల ఇంటికి అది 2 లక్షలు. పెళ్లి కోసం దాచిన బంగారం అమ్మి, బంధువుల దగ్గర చేబదులు తెచ్చి చివరి వారంలో బాకీ కట్టడానికి వచ్చిన కుటుంబం ఆ 2 లక్షలు కూడా కట్టి ఇల్లు నిలబెట్టుకోవడానికి సంతోషంగా సిద్ధపడుతుంది. పాత కోడ్‌కు గుర్తున్న ఈ పద్ధతి 2016లో పార్లమెంటుకు గుర్తుకు రాకపోవడం బాధాకరం. విడిపించుకునే హక్కు చెప్పే సర్ఫేసీ 13(8) సెక్షన్‌లో ఈ పద్ధతిని చేర్చడానికి పెద్ద కమిటీలు అక్కర్లేదు.

మరో ఇద్దరిని కూడా మరచిపోకూడదు. బిల్డరు తనఖా పెట్టిన స్థలంలో ఫ్లాట్ కొన్నవారు, తనఖా ఇంట్లో న్యాయంగా అద్దెకు ఉన్నవారు. స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా, అమ్మకపు ఒప్పందం తర్వాత బిల్డరు పెట్టిన తనఖా కొన్నవారి హక్కును తాకదని చెబుతుంది. తనఖాకు ముందే ఉన్న నిజమైన అద్దెదారుకు 2014, 2016 తీర్పుల్లో సుప్రీంకోర్టు కొంత రక్షణ ఇచ్చింది. వీళ్లెవరూ 14వ సెక్షన్ ఉత్తర్వు ఇచ్చేచోట కనిపించరు, వాళ్లు ఉన్నారని బ్యాంకు అఫిడవిట్ చెబితేనే తెలుస్తుంది.

కాబట్టి నేను అడుగుతున్నది చాలా చిన్నది. రుణగ్రహీత స్వయంగా నివాసముంటున్న ఇల్లు గానీ, రికార్డులో వ్యవసాయ భూమిగా ఉన్నది గానీ అయితే, 14వ సెక్షన్ ఉత్తర్వుకు ముందు అతనికి 15 రోజుల నోటీసు, ఒక్క విచారణ. వాయిదా ఒక్కటి కూడా వద్దు. ఆ విచారణలో నాలుగే ప్రశ్నలు: 60 రోజుల నోటీసు నిజంగా చేతికి అందిందా, అభ్యంతరానికి జవాబు వచ్చిందా, భూమి సాగులో ఉన్నదా, తనఖాకు ముందు నుంచి ఉన్న అద్దెదారు గానీ ఫ్లాట్ కొన్నవారు గానీ ఎవరైనా ఉన్నారా. నాలుగూ కాగితాలు చూసి చెప్పగలిగేవే. వడ్డీ లెక్కల వివాదం డీఆర్‌టీకే వదిలేయవచ్చు. పరిశ్రమలకు, వాణిజ్య భవనాలకు, ఖాళీ స్థలాలకు ఇప్పుడున్న వేగమే ఉండనివ్వండి.

దీనితో మళ్లీ పాత ఆలస్యాలే వస్తాయని బ్యాంకులు అంటాయి. 60 రోజులు నోటీసుకు, మరో 60 రోజుల దాకా మేజిస్ట్రేటు ఉత్తర్వుకు ఇప్పటికే పోతున్నాయి. ఈ 15 రోజులు ఆ రెండో 60లోనే ఇమిడిపోతాయి. విచారణ జరిగిన ఉత్తర్వును ఆ తర్వాత తప్పుపట్టడం కష్టం, స్టేలు తగ్గుతాయి. బ్యాంకుకు నిజమైన ఆలస్యం తాళం వేశాక నోటీసు సరిగా అందలేదని తేలి వేలం రద్దయినప్పుడు వస్తుంది. అప్పు తీర్చినవారి ఆస్తి కాగితాలను 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తున్నప్పుడు కూడా బ్యాంకుల పని ఆగిపోలేదు. అప్పు తీర్చలేకపోయినవారికి కూడా ఇంత గడువులో ఇంత మాట వినే పద్ధతి పెట్టవచ్చు.

అందుకు చట్ట సవరణ కావాలి, అది పార్లమెంటు పని. కోల్‌కతా అప్పీలు ట్రిబ్యునల్ నెలలో కొన్ని రోజులు హైదరాబాద్‌లో కూర్చునేలా చేయడం కేంద్ర ఆర్థిక శాఖ తలచుకుంటే సాధ్యమయ్యే పని. సివిల్ కోర్టు జప్తులు, సర్ఫేసీ స్వాధీనాలు, నడుస్తున్న తనఖా దావాలు అన్నీ ఈసీలో తమంతట తామే కనిపించేలా రిజిస్ట్రేషన్ శాఖల కంప్యూటర్లను కోర్టుల రికార్డులతో కలపడం రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాల పని. భూ రికార్డుల కోసం రెండూ ఇప్పటికే కోట్లు ఖర్చు చేశాయి. రుణదాతల తనఖా వివరాలు సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో 2011 నుంచి నమోదవుతున్నాయి, జప్తు ఉత్తర్వులను కూడా అక్కడ ఎక్కించవచ్చని 2016 సవరణ చెప్పింది. ఆ సమాచారం ఇల్లు కొనబోయే మామూలు మనిషికి మీసేవ కేంద్రంలో ఈసీతో పాటే అందితే, ఒకే స్థలం ఇద్దరికి తనఖా పెట్టడం, తనఖాలో ఉన్నది తెలియక కొనడం రెండూ చాలావరకు ఆగుతాయి. రుణదాతకు ఇంతకంటే బలమైన రక్షణ ఏ వేలం నోటీసూ ఇవ్వలేదు.